కౌంట్ల రాజబాబు, ఎనిమిదో ఎక్కం

ఫిలింనగర్‌లో ఉత్తినే రాజబాబు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ పేరుతో లైట్‌మన్ ఒకడున్నాడు, మేకప్ ఆయన ఒకడున్నాడు, మెస్ నడిపేవాడు ఇంకొకడున్నాడు. ‘కౌంట్ల రాజబాబు’ అనాలి. అప్పుడు టీ కొట్టువాడు చేతిలో పని ఆపకుండానే గడ్డంతో దారి చూపిస్తాడు. మెట్ల సందులోకి పోయి, నీలం గేటు దాటాక పైన రేకుల ఇల్లు. అక్కడిదాకా వెళ్ళే పని కూడా ఉండదు, ఆయన ఇంట్లో ఉంటే గొంతు సందు మొదట్లోనే వినిపిస్తుంది.

ఆ గొంతే ఆయనకి అన్నం పెట్టింది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెలో, క్రిస్మస్‌కి చర్చి పిల్లలకి స్టెప్పులు నేర్పి మెప్పు పొందిన కుర్రాడు ఆ ధైర్యంతోనే మద్రాసు రైలెక్కేశాడు. కొన్నాళ్ళు గ్రూపులో వెనక వరసలో గెంతాడు. ఆడింది గొప్పగా ఏమీ లేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒక డ్యాన్స్ మాస్టరు మాత్రం ఈయన గొంతు విని, నువ్వు ఆడొద్దురా నాయనా, పక్కన నిలబడి లెక్క చెప్పు చాలు అన్నాడట. ఇక అదే ఉద్యోగమైంది. పరిశ్రమ హైదరాబాదు తరలి వస్తే దాని వెనకే పెట్టె, పెళ్ళాం, చంకలో కొడుకుతో వచ్చేశాడు. వెండితెర మీద ఆయన మొహం ఎవరూ చూడలేదు. ఆయన లెక్క మీద కాళ్ళు కదపని హీరో మాత్రం ఆ తరంలో లేడని ఆయన అంటాడు. మనం కాదనడం ఎందుకు.

ఆ లెక్కనే సెట్లో కౌంట్లు అంటారు. దాని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. డ్యాన్సు ఎనిమిది అడుగుల వరసలుగా నడుస్తుంది. మొదటి వరసకి “వన్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్” అంటారు. రెండో వరసకి మళ్ళీ “వన్” అనరు. “టూ, టూ, త్రీ, ఫోర్...” అంటూ ఎయిట్ దాకా పోతారు. మూడో వరస “త్రీ, టూ, త్రీ, ఫోర్...”. అంటే మొదటి అడుగు మీద ఎన్నో వరసో చెప్తారన్నమాట. మిగతా ఏడు అడుగులూ మామూలే. ఎంతమంది ఆడుతున్నా, ఎవరికివారికి తాము పాటలో ఎక్కడున్నారో ఆ మొదటి అంకెతో తెలిసిపోతుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా రాజబాబు చేసింది ఇదే. ఎండలో, వానలో, జ్వరంలో కూడా ఆ ఎనిమిదుల్ని తప్పు పోనివ్వకుండా నడిపించాడు.

కిందటేడు మోకాలు పట్టేసింది. అరిగిపోయింది, నిలబడి చేసే పని మానుకోండి అన్నాడు డాక్టరు. మొదట్లో ఎలా ఉంది గురువుగారూ అని ఫోన్లు వచ్చేవి. తర్వాత తగ్గాయి. ఆ తర్వాత మానేశాయి. అదేం పెద్ద అన్యాయం కాదు, పరిశ్రమ నడకే అంత. కాకపోతే పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్ళకుండా కుర్చీలో కూర్చునే మనిషిని చూడటం కృపమ్మకి కష్టంగా ఉండేది. కృపమ్మ ఆయన భార్య. ఆవిడ నోరు చిన్నది, కన్ను మాత్రం చాలా పదునైనది.

కొడుకు నోయెల్ జూబ్లీహిల్స్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాడు. కోడలు అక్కడికి దగ్గర్లోనే బ్యూటీ పార్లర్లో చేస్తుంది. ఇద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. వాళ్ళ కూతురు దీనా మూడో తరగతి. అదే వీధి ఎగువన ఉన్న చిన్న ప్రైవేటు బడి. సాయంత్రం బడి వదిలాక పిల్లని చూసుకునేది నాన్నమ్మా తాతే. పాలు, జడ, అన్నం నా వంతు, చదువు మీ వంతు అని కృపమ్మ ఏనాడో పంపకాలు చేసేసింది.

దీనాకి రెండో ఎక్కం, ఐదో ఎక్కం, పదో ఎక్కం ఇట్టే వచ్చేశాయి. నాలుగు దగ్గర తడబడింది. ఎనిమిది దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ఎనిమిది రెళ్ళు పదహారు అనేసి, ఆ తర్వాత గోడకేసి చూసేది. రాజబాబుకి గోడకేసి చూసేవాళ్ళతో ముప్ఫై ఏళ్ళ అనుభవం. కాలూ చెయ్యీ కుదరని హీరోల చేత ఆడించినవాణ్ణి, బంగారుతల్లివి నీచేత ఆడించలేనా అన్నాడు. బట్టీ పట్టకు, లేచి నిలబడు అన్నాడు. వరండాలో చాప చుట్టేసి, కుర్చీలో కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ మొదలుపెట్టాడు.

ఆ అరగంట కోసం ఆయన పొద్దుటి నుంచీ ఎదురు చూసేవాడు. పిల్ల కూడా అంతే. బడి సంచి పడేసి, పాలు గటగటా తాగేసి, తాతా రెడీ అనేది. “నాలుగు ఎనిమిదులు” అని తాత అంటే చాలు, ఆ లెక్కకి అడుగులేస్తూ ఒకటో వరస, రెండో వరస, మూడో వరస, నాలుగో వరస ఆడి సరిగ్గా అక్కడ ఆగేది. ఒక్క అడుగు ఎక్కువా కాదు, తక్కువా కాదు. రాజబాబు మురిసిపోయి పల్లీ చిక్కీ ముక్క చేతిలో పెట్టేవాడు. ఎంతయింది అని మాత్రం ఏనాడూ అడగలేదు. సెట్లో ఎవరూ అడగరు మరి. వరస తప్పిందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. మొత్తం ఎన్ని అడుగులో ఎవరికి కావాలి?

బళ్ళో మాత్రం అదే కావాలి. చిన్మయి టీచరు నోయెల్‌ని పిలిపించింది. ఆవిడ బోరబండ నుంచి వస్తుంది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళవుతోంది, కష్టపడే పిల్ల. పేపర్లు ముందు పెట్టి చూపించింది. ఒక్కో పెట్టెలో ఎనిమిది లడ్డూలుంటే మూడు పెట్టెల్లో ఎన్ని అంటే దీనా ముప్ఫై ఎనిమిది అని రాసింది. నాలుగు పెట్టెలంటే నలభై ఎనిమిది. ఆరు పెట్టెలంటే అరవై ఎనిమిది. పేజీ నిండా ఎర్ర గీతలే. పాపకి ధ్యాస ఉండటం లేదు, రెండంకెలు పక్కపక్కన పెట్టేసి చేతులు దులుపుకుంటోంది, ఇంట్లో ఎవరన్నా కూర్చోబెట్టి చెప్తున్నారా అని అడిగింది టీచరు.

నోయెల్ ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు. వచ్చే నెల నుంచి మధురానగర్‌లో ట్యూషన్‌కి పంపిస్తున్నా అన్నాడు. నాన్నా, నువ్వింక లెక్కల జోలికి పోకు, బళ్ళో ఒకలా ఇంట్లో ఒకలా చెప్తే పిల్ల తికమక పడుతోంది అన్నాడు. గొంతు పెంచలేదు. అలసిపోయిన మనిషి నెమ్మదిగా అన్న మాట. అందుకే రాజబాబుకి మరీ గట్టిగా తగిలింది. దీనా అక్కడే, నాన్నమ్మ చీర కొంగు పట్టుకుని వింటూ నిలబడింది.

రాజబాబు కోపమంతా టీచరు మీదికి మళ్ళింది. నిన్నగాక మొన్న చదువైపోయిన పిల్ల, దానికేం తెలుసు చెప్పడం అన్నాడు. నా దగ్గర సరిగ్గా ఆడుతున్న పిల్ల అక్కడికెళ్ళి ఎందుకు తప్పుతోంది, తేడా అక్కడుందా ఇక్కడుందా అని కృపమ్మని నిలదీశాడు. కృపమ్మ చిక్కుడుకాయల ఈనె తీస్తూ కూర్చుంది. ట్యూషన్‌కి ఇంకా కొన్ని వారాలు టైముంది, ఈలోగా దీన్ని ఎనిమిదో ఎక్కంలో పులిని చేసి చూపిస్తా అని శపథం చేశాడు మన గురువుగారు.

పులి సంగతి దేవుడెరుగు, దీనా పిల్లిలా అయిపోయింది. ఇంట్లో ఆడటం ఆడుతుంది, నవ్వు మాత్రం లేదు. శుక్రవారం బళ్ళో ఎక్కాల పరీక్ష. శుక్రవారం పొద్దున కడుపునొప్పి. మొదటిసారి వాము నీళ్ళు తాగించి పడుకోబెట్టారు. రెండోసారీ అంతే. మూడోసారి కృపమ్మ వాము డబ్బా మూత తియ్యకుండానే మనవరాలి మొహంలోకి చూసి, ఇది కడుపులో నొప్పి కాదండీ అని మొగుడితో అంది.

ఆ సాయంత్రం రాజబాబు కొత్తగా ఒక పని చేశాడు. వంట్లో బాగాలేనిదాన్ని ఆడించడం ఎందుకని, కూర్చునే రాయమ్మా అని టీచరు ఇచ్చిన కాగితం దీనా ముందు పెట్టాడు. తను వెనక్కి తిరిగి కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. వెనక నుంచి గుసగుసగా ఏదో వినిపించింది. చెవి రిక్కించాడు.

“ఫైవ్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్.”

అది తన లెక్క. తన సాగదీత, తన ఆగడం. ఫోర్ తర్వాత తను పీల్చే ఊపిరితో సహా అచ్చంగా తనదే. మెల్లగా తల తిప్పి చూశాడు. గౌను అంచు కింద పిల్ల కాలివేళ్ళు నేల మీద కదులుతున్నాయి. ఎయిట్ అన్నాక వేళ్ళు ఆగాయి. పిల్ల పెన్సిల్ పట్టుకుని, ఎంతో జాగ్రత్తగా, ఐదో వరస కాబట్టి ముందు ఐదు రాసింది. ఎయిట్ దగ్గర ఆగింది కాబట్టి పక్కన ఎనిమిది రాసింది.

యాభై ఎనిమిది.

రాజబాబు నూనె గిన్నె పక్కన పెట్టేశాడు. దానికి ధ్యాస లేకపోవడమేమిటి, ఇంత ధ్యాస ఎవరికుంటుంది? అది అంకెలు అతికించడం లేదు. ఎనిమిదేసి చొప్పున ఒక్కో అడుగూ లెక్కపెట్టి, చివరికి తాత నోట ఏం వినిపించిందో అదే రాస్తోంది. తాత నోట ఎప్పుడూ నలభై రాలేదు, అది మాత్రం ఎక్కణ్ణించి రాస్తుంది? ఇన్నాళ్ళూ పేజీల నిండా పడ్డ ఆ ఎర్ర గీతలన్నీ నిజానికి తనకి పడాల్సినవి.

“దీనమ్మా,” అన్నాడు. “టీచర్‌గారు నిన్నడగలేదా, ఇంట్లో ఎవరు చెప్తున్నారని?”

“అడిగింది.”

“మరి మా తాత ఇలా చెప్పాడని చెప్పకపోయావా?”

పిల్ల పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది. చెక్కాల్సిన అవసరం లేని పెన్సిల్ అది. తల ఎత్తకుండానే చెప్పింది.

“చెప్తే నిన్ను తిడతారు కదా. నాన్న నన్ను ట్యూషన్లో వేసేస్తాడు. నువ్వు మళ్ళీ ఒక్కడివే కూర్చుంటావు.”

తప్పెక్కడో ఒకచోట ఉందని పిల్లకి ఎప్పుడో అనుమానం వచ్చింది. టీచరు రెండంకెలు పక్కపక్కన పెడితే గుణకారం అవుతుందా అని అడిగినప్పుడు క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచీ అది క్లాసులో నోరు తెరవడం మానేసింది. తాత మీద ఈగ వాలనివ్వకూడదని ఆ నవ్వుని మింగి, శుక్రవారం కడుపునొప్పితో సరిపెట్టుకుంది. ఇంతా చేసి దానికి ఎనిమిదేళ్ళు. రాజబాబు దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాడు.

పిల్ల ఆడుకోవడానికి కిందికి వెళ్ళాక కృపమ్మ దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు ఏం చెయ్యాలి? వెళ్ళి టీచరుతో నిజం చెప్తే అది నోయెల్ చెవిన పడుతుంది. పడితే వాడు ఇంకెప్పుడూ పిల్లని తన దగ్గర కూర్చోనివ్వడు. ఆ అరగంట పోతే తనకి రోజులో ఇంకేం మిగలదు. చెప్పకపోతే? ఇక మీదట మంచిగా నేర్పేస్తే ఎవరికీ తెలియకుండానే సర్దుకుపోతుందేమో. కానీ క్లాసంతా అది మొద్దని అనుకుంటోంది. అదీ తను మొద్దేనని అనుకుంటోంది. ఆ మాట ఎవరు తుడుస్తారు?

“అది మీకోసం నోరు మూసుకుంది,” అంది కృపమ్మ. “మీరు దానికోసం తెరవండి.”

మర్నాడు పొద్దున రాజబాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఈసారి నిజంగానే బయటికి బయల్దేరాడు. బడి దూరమేం కాదు గానీ దారంతా ఎగుడు. ఫిలింనగర్ గుట్టకి మోకాళ్ళ మీద ఏనాడూ దయ లేదు. మధ్యలో షూటింగ్ కారవాన్ బళ్ళు ఆగిన చోట ఒకసారి, హనుమంతుడి గుడి మెట్ల దగ్గర ఒకసారి నిలబడ్డాడు. దీనా సంచి భుజాన వేసుకుని తాత చెయ్యి పట్టుకుని నడిచింది. ఎందుకొస్తున్నావని అడగలేదు. చెయ్యి మాత్రం బడి గేటు దాకా వదల్లేదు.

గంట కొట్టడానికి ఇంకా టైముంది. చిన్మయి టీచరు బోర్డు తుడుస్తోంది. రాజబాబు చేతులు కట్టుకుని నిలబడి, పెద్ద హీరోల ముందు కూడా అంత ఒదిగి ఉండలేదు పాపం, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పిల్ల తప్పు లేదమ్మా, నేను నేర్పిందే అది రాసింది అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. అప్పుడు దీనాని నిలబెట్టి, బల్ల మీద తాళం వేస్తూ మూడు ఎనిమిదులు ఆడించాడు. మూడో వరస త్రీ దగ్గర మొదలై ఎయిట్ దగ్గర ఆగింది. చూశారా తల్లీ, ముప్ఫై ఎనిమిది అన్నాడు.

టీచరు డస్టరు బల్ల మీద పెట్టేసింది. తర్వాత దీనా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“రోజు గింత కష్టపడి లెక్కవెడుతున్నవా బిడ్డా,” అంది. తర్వాత రాజబాబు వైపు తిరిగింది. “ఎంతొచ్చిందనే చూసిన అంకుల్. ఎట్ల చేసినవ్, జర చేసి చూపియ్యి అని ఒక్కసారన్న అడగలె. తప్పు నాది గూడ.”

తప్పు నాదంటే నాదని కాసేపు ఇద్దరూ మర్యాదలు చేసుకున్నాక, ఆవిడ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఎనిమిదేసి చుక్కలు వరసలు వరసలుగా పెట్టింది. వాటికేసి పరీక్షగా చూసింది. మొదటి చుక్క దగ్గర వేలు పెట్టింది, చివరి చుక్క దగ్గర పెట్టింది. టీచరు పని తెలిసినావిడ అని రాజబాబుకి అప్పుడర్థమైంది. కొత్త స్టెప్పు కుదిరే ముందు మాస్టర్లు కూడా ఇలాగే నిలబడతారు.

“మీ మొదటి అడుగు మంచిగున్నది. దాన్ని ముట్టుకోవద్దు,” అంది. “ఎన్నో వరసల ఉన్నమో అది చెప్తుంది. ఆఖరి అడుగు మారుద్దాం. ఎయిట్ అనే కాడ, మొత్తం ఎన్నయినయో గది అనాలె. ఫస్ట్ వరసకు ఎయిట్. సెకండ్ వరసకు సిక్స్‌టీన్. థర్డ్ వరసకు ట్వెంటీఫోర్.”

“ఆఖరి అడుగు మీద ఎయిట్ అనకుండా ఎలాగమ్మా? అందరూ దానికోసమే చూస్తారు.”

“అందుకే అంకుల్. అందరు చూసే కాడనే జవాబు ఉండాలె.”

రాజబాబు బోర్డు వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన లెక్కలో చెయ్యి పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. పెట్టనిచ్చేవాడూ కాదు. సరేనమ్మా అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నోయెల్‌కి తనే చెప్పేశాడు. నోయెల్ తింటున్నవాడల్లా ఆగి కూతురి వంక చూశాడు. తాత కోసం దాచిందన్న సంగతి విన్నాక ప్లేటులో వేళ్ళతో గీతలు గీశాడు. చివరికి, ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాంలే, ఈ నెల పరీక్ష అవ్వనీ అన్నాడు. తండ్రికి పప్పు తనే వడ్డించాడు.

అక్కణ్ణించి మొదలైంది అసలు తంటా. పిల్లకి కొత్త లెక్క తొందరగానే పట్టుబడింది. పట్టుబడనిది గురువుగారికి. “టూ, టూ, త్రీ, ఫోర్, ఫైవ్, సిక్స్, సెవెన్...” దాకా బండి బాగానే పోతుంది. అక్కడ సిక్స్‌టీన్ అనాల్సింది పోయి నోరు ఎయిట్ అనేస్తుంది. ముప్ఫై ఏళ్ళ నోరు, దానికి బుద్ధి చెప్పేదెవరు? దీనా నడుము మీద చెయ్యి పెట్టుకుని, తాతా మళ్ళీ మొదట్నుంచి అనేది. లోపల కృపమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళ నీళ్ళు ఉల్లిపాయల వల్లో నవ్వు వల్లో తెలియకుండా తుడుచుకునేది. పిల్ల మొహంలో నవ్వు తిరిగొచ్చింది ఆ రోజుల్లోనే.

టీచరు ఇంకో మాట కూడా చెప్పింది. రోజురోజుకు మీరు మాట్లాడేది తగ్గాలె అంకుల్ అని. మొదట అన్ని అడుగులూ పలకాలి. తర్వాత మొదటిదీ ఆఖరిదీ పలికి, మధ్యవి తాళం వెయ్యాలి. ఆ తర్వాత ఆఖరివి మాత్రమే. ఎయిట్, సిక్స్‌టీన్, ట్వెంటీఫోర్, థర్టీటూ. గొంతు తగ్గించుకోమని రాజబాబుకి చెప్పడమంటే చేపకి ఈత తగ్గించుకోమని చెప్పడమే. ఆయన తగ్గించుకున్నాడు. పిల్ల ఎయిట్ నుంచి సిక్స్‌టీన్‌కి దాటుతున్నప్పుడు పెదాలు బిగపట్టుకుని కూర్చునేవాడు. అది ముప్ఫై రెండు దగ్గర తడుముకుంటుంటే అందిద్దామని ప్రాణం కొట్టుకుపోయేది. కృపమ్మ కిటికీలోంచి వేలు చూపించి హెచ్చరించేది.

నెలాఖరు పరీక్షలో దీనాకి ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్కటీ తొమ్మిదో ఎక్కంలోది. నోయెల్ ఆ కాగితాన్ని స్టూడియోకి పట్టుకెళ్ళి చూపించుకుని సాయంత్రం తెచ్చిచ్చాడు. క్లాసులో మాత్రం అది ఇంకా నోరు విప్పడం లేదని టీచరు కబురు చేసింది. కాగితం మీద రాస్తుంది, అడిగితే తల వంచుకుంటుంది. ఒకసారి అందరూ నవ్విన చోట మళ్ళీ గొంతెత్తడం అంత తేలిక కాదు, అది పెద్దవాళ్ళకే రాదు. మిగతా పిల్లలకి కూడా ఎనిమిదో ఎక్కం కష్టంగానే ఉంది, ఒక పూట మీరొచ్చి క్లాసంతటికీ కౌంట్లు చెప్తారా అంకుల్ అని అడిగింది. మా తాత వస్తాడా అని దీనా ఎగిరి గంతేసింది. తర్వాత కాస్త భయంగా తాతతో, నువ్వు ఎయిట్ అనేస్తావేమో జాగ్రత్త అంది.

నోయెల్ ఆ పొద్దున పనికి ఆలస్యంగా వెళ్తానని చెప్పి తండ్రిని బండి మీద బడికి తీసుకొచ్చాడు. తను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాడు. బెంచీలన్నీ గోడకి నెట్టేశారు. పిల్లలంతా వరసల్లో నిలబడ్డారు. దీనా రెండో వరసలో, ఎవరికీ కనపడకూడదన్నట్టు ఒక పొడుగు పిల్లాడి వెనక ఉంది. ఇంతమంది తనవైపు తిరిగి నిలబడి ఎన్నాళ్ళయిందో, రాజబాబుకి గుండె నిండిపోయింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

మొదటి వరస ఎయిట్. రెండో వరస సిక్స్‌టీన్. గదంతా అడుగుల మోత. పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీలెక్కి చూస్తున్నారు. ట్వెంటీఫోర్. థర్టీటూ. ఫార్టీ. పిల్లలు మహా ఊపు మీదున్నారు. రాజబాబు కూడా మరీ ఊపు మీదికి వెళ్ళిపోయాడు. అది బడి అన్న సంగతే మర్చిపోయాడు. “సిక్స్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్, సిక్స్, సెవెన్...” అంటూ పాత నోరు పరిగెత్తుకెళ్ళి “ఎయిట్!” అనేసింది.

అడుగులు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. రాజబాబు చెవులు వేడెక్కాయి. సెట్లో లెక్క తప్పితే మొత్తం పాట మళ్ళీ మొదలు, ఆ తిట్లన్నీ లెక్క చెప్పేవాడికే. టీచరు అందించడానికి నోరు తెరవబోయింది.

“ఫార్టీ ఎయిట్.”

పొడుగు పిల్లాడి వెనక నుంచి వచ్చిందా గొంతు. వాడు పక్కకి జరిగాడు. దీనా మొహం ఎర్రగా కందిపోయి ఉంది, అయినా తల వంచుకోలేదు.

“అలవాటులో అన్నాడు. మీరు ఆగకండి,” అని క్లాసంతటికీ చెప్పింది. చెప్పి, ఊపిరి పీల్చి, “సెవెన్, టూ, త్రీ, ఫోర్...” అని తనే మొదలుపెట్టేసింది. రెండు మూడు కాళ్ళు కదిలాయి. తర్వాత అన్నీ కదిలాయి. ఫిఫ్టీసిక్స్ దగ్గర గదంతా దాని గొంతు మీదే దిగింది.

రాజబాబు నోట సిక్స్‌టీఫోర్ అప్పటికే సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని మింగేశాడు. బోర్డు దగ్గర్నుంచి నెమ్మదిగా కుంటుకుంటూ వెనక్కి నడిచి, ఆఖరి వరసలో చిన్నపిల్లల పక్కన ఖాళీ చూసుకుని నిలబడ్డాడు. బాగున్న కాలితో అడుగు వేశాడు. వయసులో వెనక వరసలో ఆడినప్పుడు ముందుకి రావాలని ఎంత తపించాడో ఆయనకి తెలుసు. ఇప్పుడు మనవరాలు లెక్క చెప్తుంటే ఆ వెనక వరస వదిలి రావాలనిపించలేదు. సెవెన్‌టీటూ అంది దీనా, గది నలుమూలలా వినపడేటట్టు. రాజబాబు కళ్ళలో నీళ్ళు నిండి ముందు వరసలేవీ కనపడటం లేదు. అయినా ఆయన అడుగు తప్పలేదు, దాని గొంతు వింటూ ఎనభై దాకా వేశాడు.